మూడో పూత

వాగ్గా వాగ్గాలో రేకుల షెడ్డు.
జులై చలికి వేళ్లు కొయ్యబారి
ఆరు స్క్రూలు విప్పడానికి అరగంట పట్టింది.
ఏడోది రాలేదు. తుప్పు దాన్ని తినేసి
తానే స్క్రూ అయి కూర్చుంది.

మూత లేవగానే వాసన.
నూనెదీ కాదు, కాలిన తీగదీ కాదు.
న్యూగినీలో కురిసి
ఈ ఇనప్పెట్టెలో మడతపెట్టుకుని పడుకున్న
ఎనభై ఏళ్ల కిందటి వాన.

సైన్యంలో రేడియోల చరిత్ర రాసిపెట్టమన్నారు
సిగ్నల్స్ సంఘం వాళ్లు.
ఏ సెట్టు, ఏ ఏడు, ఎన్ని వాట్లు, ఎన్ని మైళ్లు.
రాస్తాను. నాకు తెలిసిన చరిత్ర మాత్రం ఒక్కటే:
తడి లోపలికి రావాలని చూసింది,
మేం రానివ్వకూడదని చూశాం.
చాలాసార్లు తడే గెలిచింది.

ఎడారిలో గడగడా మాట్లాడిన సెట్లు
(ఇసుక మర్యాదస్తురాలు, దులిపితే పోతుంది)
కొండల అడవి ఎక్కేసరికి మూగపోయాయి.
కాయిళ్ల మీద బూజు మీసాలు మొలిచాయి.
బ్యాటరీలు నానిన రొట్టెల్లా ఉబ్బాయి.
పుస్తకం మైళ్లు రాసిచ్చిన చోట
చెట్లు గజాలే ఇచ్చాయి.

బరువు అన్న గడిలో పౌన్లు ఉన్నాయి.
మోసిన భుజాలు లేవు.
బురదమెట్ల దారిలో, కర్రకి వేలాడదీసి,
ఇద్దరిద్దరుగా బ్యాటరీ పెట్టెలు మోసిన కోయారి మనుషులు.
వానొస్తే అరటాకు కప్పింది సెట్టుకి,
తమ నెత్తికి కాదు.

ఇక ఇదిగో, మూత లోపలి వైపు పెన్సిల్ రాత.
చిన్న అక్షరాలు, కోపంగా నొక్కి రాసినవి:
"మూడు పూతలన్నారు. రెండే వెయ్యనిచ్చారు.
డల్సీ ట్రెంబాత్."

బూజుకి విషం కలిపిన వార్నిష్ సంగతి అది.
దొరికింది పేరొక్కటే. మిగతాదంతా నేను పెట్టింది:
సిడ్నీ ఫ్యాక్టరీ, పంతొమ్మిదేళ్ల పిల్ల, సన్నటి బ్రష్షు,
సాయంత్రానికి నాలుక మీద చేదు,
ఇంటికి వెళ్లే ట్రామ్‌లో ఆ కంపుకి
పక్క సీటు వాళ్లు లేచి వేరే చోటికి పోవడం.
ఎవరికి రాసింది? ప్రేమలేఖ కాదు, ప్రార్థన కాదు,
ఫిర్యాదు. నాకు చేరింది.
మా శాఖ లెక్కలో ఇది మరీ ఆలస్యం కిందకి రాదు.

నా కాలానికి సెట్లు చిక్కిపోయాయి.
ఫువాక్ తుయ్, రబ్బరు తోటలు,
వీపు మీద ఇరవై అయిదో నంబరు,
ఒక్క వాల్వు తప్ప అంతా ట్రాన్సిస్టర్లే.
చేతి ఫోనుకి ప్లాస్టిక్ సంచి చుట్టి
రబ్బరు బ్యాండు వేసేవాణ్ణి.
రాత్రి పెదవి కదపకూడదు.
"క్షేమమా" అని చెవిలో గుసగుస వస్తే
మీట రెండుసార్లు నొక్కాలి. టిక్, టిక్.
నొక్కితే క్షేమం. నొక్కకపోతే ప్రమాదం.
మధ్యలో ఉన్నదానికి మీట లేదు.

ఒక రాత్రి మధ్యలోనే ఉన్నాం.
పక్కన నెవ్ గ్లీసన్, మధ్యాహ్నం తను కాల్చినవాడి
చెప్పుల సైజు మాటిమాటికీ వేళ్లతో కొలిచి చూపిస్తూ,
చప్పుడు లేకుండా ఏడ్చాడు తెల్లారేదాకా.
గంటగంటకీ నేను నొక్కాను. టిక్, టిక్.
అవతల ఎవరో పుస్తకంలో క్షేమం అని రాసుకున్నారు.
సెట్టు మాత్రం చుక్క తడవలేదు.

ఇవాళ డబ్బా తెరిచి
డల్సీ రెండు పూతల మీద మూడోది వేశాను.
మ్యూజియం వాళ్లు ఒప్పుకోరు,
పాతదాన్ని పాతగానే ఉంచాలంటారు.
ఉంచనీ. నాకో ఫిర్యాదు అందింది,
చర్య తీసుకున్నాను.

రాత్రి భోజనానికి కూర్చుంటే
మా ఆవిడ కోరల్ ముక్కు చిట్లించి,
ఏమీ అనకుండా, కంచం తీసుకుని
బల్ల అటు చివరికి వెళ్లి కూర్చుంది.

ట్రామ్ సంగతి నిజమే అయి ఉంటుంది.